బీరే కదా అనుకోకండి

(రోగుల బంధువుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం డాక్టరుగారి రౌండ్లు అయిపోయాయి. మీలో కొందరు రాత్రంతా మంచం పక్కన కూర్చుని కునుకు కూడా తీయలేదని నాకు తెలుసు. అందుకని ఎక్కువసేపు కూర్చోబెట్టను. కానీ ఈ నాలుగు మాటలు మీ ఇంటికి పనికి వచ్చేవి. దయచేసి శ్రద్ధగా వినండి.

మన రామకృష్ణాపూర్, మందమర్రి, క్యాతనపల్లి చుట్టుపక్కల నుంచి వచ్చే రోగుల కేసు షీటు రాసేటప్పుడు మేము తప్పనిసరిగా ఒక ప్రశ్న అడుగుతాం. "మద్యం అలవాటు ఉందా?" అని. అప్పుడు భార్యో, తల్లో ఇలా చెబుతుంది. "లేదు సిస్టరమ్మా, మా ఆయన మందు ముట్టడు. ఉత్త బీరే తాగుతడు." ఇంకొకరు అంటారు, "కల్లు తప్ప ఇంకేం లేదమ్మా, అది చెట్టు నుంచి వచ్చేదే కదా."

వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే అలా నమ్ముతున్నారు. ఆ నమ్మకం గురించే ఈ రోజు మాట్లాడదలచుకున్నాను.

బీరు తయారయ్యే చోటు చూసి వచ్చాను

మీకు ఆశ్చర్యం కలగవచ్చు. రెండేళ్ల క్రితం నేను హైదరాబాదులో బీరు తయారుచేసే చోటికి వెళ్లాను. మా అక్క కొడుకు రసాయనశాస్త్రం చదివి జూబ్లీహిల్స్ వైపు ఒక మైక్రోబ్రూవరీలో ఉద్యోగంలో చేరాడు. మైక్రోబ్రూవరీ అంటే బీరును అక్కడే కొద్దికొద్దిగా కాచి, అక్కడే గ్లాసుల్లో పోసి అమ్మే చోటు. బెంగళూరు ఇందిరానగర్‌లో 2010లో మొదలైన టోయిట్ లాంటివి పేరు తెచ్చుకున్నాక హైదరాబాదు యువతకూ ఆ మోజు పట్టింది. తెలంగాణ ప్రభుత్వం 2015లో వీటికి నియమాలు చేసింది. ఆ తరువాత నగరంలో ఇవి ఒక్కొక్కటిగా వచ్చాయి.

మా అక్క సంఘంలో తలెత్తుకోలేకపోయింది. "ప్రార్థనకు వచ్చేవాళ్లు అడుగుతరు, కొడుకు ఏం పని చేస్తడని. ఏం చెప్పాలే?" అని నా దగ్గర ఏడ్చింది. చూడకుండా ఎవరినీ తప్పు పట్టకూడదు కదా అని నేనే బయలుదేరాను. మంచిర్యాలలో భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాదులో దిగితే, వాడే వచ్చి తీసుకువెళ్లాడు. ఇంకా జనం రాని వేళ అది.

నిజం చెప్పాలి. నేను అనుకున్నట్టు అక్కడ లేదు. అద్దాల గదిలో మనిషి కంటే ఎత్తైన స్టీలు ట్యాంకులు వరుసగా ఉన్నాయి. నేల కడిగి తుడిచి మా ఆపరేషన్ థియేటరులా ఉంది. లోపలికి వెళ్లేముందు చేతులు కడుక్కోమన్నాడు. "చిన్నమ్మా, మా పనిలో సగం కడుక్కోవడమే. ఒక్క చెడ్డ క్రిమి చేరినా ట్యాంకు మొత్తం పారబోయాలి" అన్నాడు. నర్సుగా నాకు ఆ మాట నచ్చింది.

తయారుచేసే పద్ధతి కూడా చూపించాడు. బార్లీ గింజలను నానబెట్టి మొలకెత్తించి ఆరబెడతారు. దీన్ని మాల్ట్ అంటారు. మన ఇళ్లలో పసిపిల్లల జావకు రాగులు మొలకెత్తించి ఆరబెట్టినట్టే. మాల్టును మరపట్టి సుమారు 65 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచితే గింజలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. ఆ తియ్యటి నీళ్లను వడకట్టి, హాప్స్ అనే తీగ పువ్వులు వేసి మరిగిస్తారు. చేదు, వాసన వాటి నుంచే వస్తాయి. చల్లార్చి ఈస్ట్ కలుపుతారు. ఈస్ట్ అంటే కంటికి కనిపించని జీవి. అది చక్కెరను తిని ఆల్కహాలునూ, బొగ్గుపులుసు వాయువునూ వదులుతుంది. కొన్ని రకాలకు వారం పది రోజులు, కొన్నింటికి నెల పైన పడుతుంది.

1516లో జర్మనీలోని బవేరియాలో బీరుకు బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప వేరేవి వాడరాదని చట్టం చేశారు. ఈస్ట్ పేరు అందులో లేదు. అటువంటి జీవి ఒకటి ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ సంగతి తేల్చినవారిలో ముఖ్యుడు, కుక్కకాటుకు టీకా కనిపెట్టిన లూయీ పాశ్చరే. 1876లో ఆయన బీరు గురించే ఒక పెద్ద గ్రంథం రాశాడు. ఐరోపాలో క్రైస్తవ సన్యాసుల మఠాల్లో కూడా వందల ఏళ్లు బీరు కాచారు. ఇవన్నీ మా అబ్బాయి చెబుతుంటే విన్నాను. వాడి చదువు వృథా పోలేదని కొంచెం గర్వపడ్డాను కూడా.

వాడు కొలుస్తాడు, మనం కొలవడం లేదు

అక్కడ నాకు బాగా గుర్తుండిపోయింది వేరే సంగతి. వాడి చేతిలో గాజు గొట్టంలాంటి పరికరం ఒకటి ఉంది. పేరు హైడ్రోమీటరు. మొదటి రోజు తియ్యటి నీళ్లలో ఒకసారి, పులిసిన తరువాత ఒకసారి దాన్ని ముంచుతాడు. రెండు లెక్కలకూ ఉన్న తేడాను బట్టి ఎంత ఆల్కహాలు తయారైందో తెలుస్తుంది. పుస్తకంలో రాసి పెడతాడు. "నువ్వు తాగుతావా రా?" అని అడిగాను. "రుచి చూడటానికి ఒకటి రెండు గుక్కలు, అంతే చిన్నమ్మా. నాకు లెక్క తెలుసు కదా" అన్నాడు.

ఆ మాట నా మనసులో నాటుకుంది. తయారుచేసేవాడికి లెక్క తెలుసు. తాగేవాడికి తెలియదు. తాగేవాడి భార్యకు అసలే తెలియదు. ఆ లెక్క మీకు ఇప్పుడు చెబుతాను.

సీసా మీద ఎన్ని మిల్లీలీటర్లో, ఎంత శాతం ఆల్కహాలో రాసి ఉంటుంది. ఆ రెంటినీ గుణించి, నూరుతో భాగించి, మళ్లీ 0.8తో గుణిస్తే, లోపల ఎన్ని గ్రాముల అసలు ఆల్కహాలు ఉందో వస్తుంది. మీ పిల్లలు ఫోనులో ఒక్క నిమిషంలో చేసి పెడతారు.

60 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో (42.8 శాతం) సుమారు 20 గ్రాములు.
650 మిల్లీలీటర్ల మామూలు బీరులో (5 శాతం) సుమారు 26 గ్రాములు.
650 మిల్లీలీటర్ల స్ట్రాంగు బీరులో (8 శాతం) సుమారు 41 గ్రాములు.
180 మిల్లీలీటర్ల విస్కీ క్వార్టరులో సుమారు 61 గ్రాములు.

ఇప్పుడు చూడండి. ఒక స్ట్రాంగు బీరు అంటే రెండు పెగ్గుల విస్కీ. రెండు స్ట్రాంగు బీర్లు తాగినవాడు ఒక క్వార్టరు కంటే ఎక్కువే తాగాడు. కాలేయానికి సీసా ఆకారం తెలియదు. రంగు తెలియదు, ధర తెలియదు. దానికి తెలిసింది గ్రాములే.

కాలేయం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాముల ఆల్కహాలునే విరిచి బయటకు పంపగలదు. నిమ్మరసం తాగినా, చన్నీళ్ల స్నానం చేసినా ఆ వేగం పెరగదు. రెండు స్ట్రాంగు బీర్లకు కనీసం ఎనిమిది గంటలు, కొందరికి పదకొండు గంటలు కూడా పడుతుంది. రాత్రి పదకొండు వరకు దావత్ చేసుకుని, పొద్దున మొదటి షిఫ్టుకు వెళ్లే మనిషి రక్తంలో ఇంకా ఆల్కహాలు ఉండవచ్చు. తనకు మాత్రం దిగిపోయినట్టే అనిపిస్తుంది. బండి నడిపినా, గనిలోకి దిగినా, యంత్రం మీద చెయ్యి వేసినా అది ప్రమాదమే. ఆయనకే కాదు, పక్కన పనిచేసే వాళ్లకు కూడా.

"బీరు చలవ" అన్న మాట

మన ప్రాంతంలో ఎండాకాలం ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. బొగ్గు గనుల నేల 45 డిగ్రీలు దాటి కాగుతుంది. ఆ రోజుల్లో బీరు చలవ చేస్తుందని తాగేవారు ఎక్కువ. చల్లగా ఉన్నది సీసా మాత్రమే. ఆల్కహాలు మూత్రాన్ని అదుపు చేసే హార్మోనును అణచివేస్తుంది. మూత్రంతో నీరు ఎక్కువగా బయటకు పోతుంది. చెమటతో ఎండిన ఒళ్లు ఇంకా ఎండుతుంది. వడదెబ్బకు ఇది దారి తీస్తుంది. చలవ కావాలంటే మజ్జిగ, ఉప్పు చక్కెర కలిపిన నీళ్లు, అంబలి ఉన్నాయి.

ఇంకో మాట కూడా వింటుంటాం. బీరు తాగితే కిడ్నీలో రాళ్లు పడిపోతాయని. మూత్రం ఎక్కువ రావడం చూసి పుట్టిన మాట ఇది. రాళ్లు ఉన్నవారికి కావలసింది మంచినీళ్లు, డాక్టరు పరీక్ష. బీరు వల్ల రక్తంలో యూరిక్ ఆసిడ్ పెరుగుతుంది. దానితో కీళ్లవాపు వస్తుంది, ఒక రకం రాళ్లు కూడా ఏర్పడతాయి.

కల్లు సంగతి

కల్లు మన పండుగల్లో, పెళ్లిళ్లలో, చావు ఇళ్లలో కూడా ఉంది. మోకు కట్టుకుని ప్రాణాలకు తెగించి తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుని కష్టాన్ని నేను చులకన చేయను. తెల్లవారకముందు దింపిన నీరా తియ్యగా ఉంటుంది, దానిలో మత్తు ఉండదు. ఎండెక్కే కొద్దీ గాలిలోని, లొట్టిలోని ఈస్ట్ దాన్ని పులియబెడుతుంది. సాయంత్రానికి సుమారు బీరుకు ఉన్నంత ఆల్కహాలు తయారవుతుంది. అంటే లీటరు కల్లు తాగితే దాదాపు రెండు పెగ్గులు తాగినట్టే.

అసలు ప్రమాదం కల్తీ కల్లుతో. కొన్ని చోట్ల చెట్టు కల్లుకు బదులు నీళ్లు, శాకరిన్ కలిపి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, అల్ప్రాజోలామ్ వేస్తారు. ఇవి ఆసుపత్రిలో మేము తాళం వేసి దాచే రకం మందులు. 2015 సెప్టెంబరులో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీపై దాడులు జరిగి ఆ కల్లు దొరకనప్పుడు, అలవాటు పడినవారు ఫిట్స్‌తో, పిచ్చిగా మాట్లాడుతూ వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. మీ ఇంటి మనిషి కల్లు ఒక్కరోజు లేకపోయినా వణికిపోతుంటే, అది ఉత్త కల్లు కాకపోవచ్చు. సిగ్గుపడకుండా మాకు చెప్పండి. అసలు సంగతి తెలియకపోతే వైద్యం తప్పుతుంది.

నేను చేసిన తప్పు

ఇప్పుడు చెప్పేది నాకు కష్టమైన మాట. అయినా చెప్పాలి.

నేను డిప్లొమా పూర్తిచేసి పనిలో చేరిన కొత్తలో, వేరొక చోట, ఒక తల్లి తన కొడుకును తీసుకువచ్చింది. వయసు ముప్పై దాటలేదు. రోజూ తాగుతాడు. కడుపునొప్పికి ఇంజెక్షను ఇచ్చి పంపుతున్నాం. ఆమె నా చెయ్యి పట్టుకుని, "ఏం చెయ్యమంటవు బిడ్డా?" అని అడిగింది. నేను పెద్ద తెలిసినదానిలా, "ఇంట్లో పెట్టి తాళం వేయమ్మా. నాలుగు రోజులు తాగకుండా చూస్తే అదే పోతుంది" అన్నాను. డాక్టరుగారిని అడగలేదు.

ఆ తల్లి నా మాట దేవుని మాటలా పాటించింది. గదిలో పెట్టి గొళ్లెం వేసింది. మొదటి రాత్రి వణుకు, చెమటలు. "తాగుడు వదులుతున్నది" అనుకుంది. రెండో రోజు ఫిట్స్ వచ్చి నాలుక కొరుక్కుని నేల మీద పడ్డాడు. మూడో రోజు గోడల మీద పురుగులు పాకుతున్నాయని కేకలు వేస్తుంటే నలుగురు పట్టుకుని తెచ్చారు. భుజం ఎముక విరిగి ఉంది. దేవుని దయవల్ల బతికాడు. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. ఒక్క మాట అంటే బాగుండేదని ఈ రోజుకీ అనిపిస్తుంది.

అందుకే ప్రతి సమావేశంలో ఇది చెబుతాను. రోజూ ఎక్కువగా తాగే మనిషిని ఇంట్లో పెట్టి ఒక్కసారిగా మాన్పించకండి. చివరిసారి తాగిన ఆరు గంటల నుంచే వణుకు, చెమట, గుండెదడ మొదలవుతాయి. రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య డెలీరియం ట్రెమెన్స్ అనే మతిభ్రమణం రావచ్చు. అది ప్రాణాంతకం. ఆసుపత్రిలో అయితే డాక్టరు తగిన మందులిచ్చి, థయమిన్ అనే బి1 విటమిను పెట్టి, కొద్ది రోజుల్లో క్షేమంగా మాన్పించగలరు.

ఇంకో సంగతి. కాలు విరిగి, జ్వరం వచ్చి, లేదా ఆపరేషను కోసం చేరిన మనిషికి కూడా ఇది వర్తిస్తుంది. ఇక్కడ మంచం మీద ఉన్నాడంటే తాగడం ఆగిపోయినట్టే. మూడో రోజు ఆయన మంచం దిగి పారిపోతుంటే "దయ్యం పట్టింది" అంటారు. అది దయ్యం కాదు. చేరిన రోజే "రోజూ రెండు బీర్లు" అని మాకు చెప్పి ఉంటే ముందే మందు మొదలుపెట్టేవాళ్లం. దయచేసి దాచకండి. మేము మిమ్మల్ని తిట్టం, ఊళ్లో చెప్పం.

మందులు వాడుతున్నప్పుడు

టీబీ మందులు వాడేవారు తాగితే కాలేయం దెబ్బతిని కామెర్లు రావచ్చు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఖాళీ కడుపుతో తాగితే షుగరు ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పవచ్చు. తాగి పడిపోయాడనుకుని జనం వదిలేసి వెళతారు. ఫిట్స్ మాత్రలు, నిద్రమాత్రలు వాడేవారికి ఊపిరి మందగిస్తుంది. గర్భిణి ఒక్క గుక్క కూడా తాగకూడదు. మందునీళ్లు పాలల్లో కలిపి పసిబిడ్డకు పట్టడం, జలుబుకు బ్రాందీ రాయడం వంటివి పూర్తిగా మానండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో, ఆరోగ్యానికి హాని లేని మద్యం కొలత అంటూ ఏదీ లేదని స్పష్టంగా చెప్పింది. క్యాన్సరు కలిగించే పదార్థాల మొదటి వర్గంలో మద్యం 1988 నుంచే ఉంది. అది విస్కీకి మాత్రమే రాసిన మాట కాదు. బీరుకూ, కల్లుకూ కూడా అదే మాట.

కుటుంబం ఏం చేయగలదు?

మొదటిది, లెక్క రాయండి. వారంలో ఎన్ని సీసాలు, ఏ సైజు, ఎంత శాతం అని ఒక కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి. పోట్లాట కంటే ఆ కాగితం ఎక్కువ పని చేస్తుంది.

రెండవది, తాగి ఉన్నప్పుడు వాదించకండి. పొద్దున మత్తు దిగిన తరువాత, పిల్లలు లేనప్పుడు నెమ్మదిగా మాట్లాడండి. "నువ్వు తాగుబోతువు" అనకుండా, "నిన్న రాత్రి పిల్ల భయపడి నిద్రపోలేదు" అని జరిగింది చెప్పండి.

మూడవది, ఒంటరిగా మోయకండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకున్న ఆడవాళ్లు కలిసి నిలబడితే, 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. వాళ్లు కూడా మనలాంటి అమ్మలే. ఇంట్లో కొడుతుంటే దాన్ని విధి అని భరించకండి, మాకు చెప్పండి.

నాలుగవది, సహాయం ఉంది. మత్తు అలవాట్లు మాన్పించడానికి జాతీయ ఉచిత ఫోను నంబరు 14446. మనసు బాగోలేనప్పుడు టెలీ మానస్ నంబరు 14416. తెలుగులో మాట్లాడతారు. మన ఆసుపత్రి ఓపీలో పేరు చెప్పకుండా కూడా సలహా అడగవచ్చు.

చివరి మాట

ఆ రోజు నేను బయలుదేరేటప్పుడు మా అబ్బాయి ఆటో ఎక్కిస్తూ అడిగాడు. "చిన్నమ్మా, నేను చేసేది తప్పు పనా?" అని.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. కానా పెళ్లిలో ప్రభువు నీళ్లను ద్రాక్షారసం చేసిన సంగతి నాకూ తెలుసు, పౌలు తిమోతికి చెప్పిన సలహా కూడా తెలుసు. మన వార్డులో పొట్ట ఉబ్బి, కళ్లు పచ్చబడి పడుకున్నవాళ్లను రోజూ చూస్తున్నదీ నేనే. చివరికి ఇలా అన్నాను. "నీ శుభ్రత, నీ లెక్క చూసి సంతోషించాను నాయనా. కానీ నీ గ్లాసు తాగి వెళ్లినవాడు ఇంటికి ఎలా చేరాడో నీ పుస్తకంలో రాసి ఉండదు. అది మా పుస్తకంలో ఉంటుంది." వాడు తల వంచుకున్నాడు. కోపం తెచ్చుకోలేదు. ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాడు. ఒక్క మార్పు మాత్రం చేశానని ఫోనులో చెప్పాడు. వాళ్ల పట్టీలో ప్రతి రకం పక్కన శాతంతో పాటు గ్రాములు కూడా రాయించాడట. మా అక్క ఇప్పుడు ఎవరైనా అడిగితే కొడుకు పని దాచకుండా చెబుతున్నది.

అమ్మలారా, అయ్యలారా, మంచం మీద ఉన్న మీ మనిషి చెడ్డవాడు కాదు. కష్టం చేసి అలసిపోయినవాడు, దారి తప్పినవాడు, జబ్బుపడినవాడు. జబ్బుకు వైద్యం ఉంది. ఈ సాయంత్రం వార్డుకు వెళ్లగానే, ఆయన నిజంగా ఎంత తాగుతాడో డ్యూటీ సిస్టరు చెవిలో చెప్పండి. ఆ ఒక్క మాట ఆయన ప్రాణం కాపాడవచ్చు.

ప్రభువు మీ ఇళ్లకు ఆరోగ్యాన్ని, సమాధానాన్ని అనుగ్రహించును గాక.